ఆర్పిన పొయ్యి

ఆగస్టు నెల, ఉదయం. దీవినుంచి కార్లను దాటించే పంటు కోసం రేవులో ఆగిన కారు. స్టీరింగ్ దగ్గర ఇల్పో, పక్క సీట్లో అతని తల్లి హెల్వి, వెనక సీట్లో పదేళ్ళ కూతురు హిల్లా.

"ఆర్పాను. బూడిద కెలికి మరీ ఆర్పాను. ఆర్పానుగా?"

"నన్నడుగుతావేంట్రా ఇల్పో? నేనేమన్నా నీ పక్కన నించున్నానా?"

"నిన్ను కాదమ్మా. నన్ను నేనే అడుక్కుంటున్నాను."

"మరి జవాబు కూడా నువ్వే చెప్పుకో. పొద్దున్నే నా బుర్ర తినకు."

"నాన్నా, ఒకసారి వెనక్కి వెళ్ళొచ్చాం కదా. పోస్టుడబ్బాల దాకా వచ్చి, కారు తిప్పి, సౌనా ఆవిరిస్నానాల గదిలోకి వెళ్ళి పొయ్యి చూసొచ్చావు. నువ్వు చూడ్డం నేను చూశాను."

"చూశాను హిల్లా. కళ్ళతో చూశాను. కాకపోతే చూస్తున్నంతసేపూ మనసు పడవ తాడు మీదుంది, గట్టిగా కట్టానా లేదా అని. మనసు లేకుండా చూస్తే చూసినట్టా?"

"కళ్ళు చూస్తే చూసినట్టే నాన్నా. మనసుకేమన్నా కళ్ళున్నాయా."

"పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. గబగబా వెళ్ళి, ఒక్కసారి తొంగిచూసి వచ్చేస్తే..."

"వచ్చేసరికి పంటు వెళ్ళిపోతుంది. తర్వాతది ఎక్కితే డాక్టరు వెళ్ళిపోతాడు. అమ్మ ఆఫీసునుంచి నేరుగా తుర్కు పట్నంలో ఆస్పత్రికి వచ్చి మనకోసం నించుంటుంది. ఈ డాక్టరు దొరకాలని చలికాలం నుంచీ ఎదురుచూస్తున్నాం, ఇవాళ తప్పితే మళ్ళీ మంచు కరిగాకే అని చెప్పింది నువ్వే."

"నేనే చెప్పాను. అవును."

"వెళ్ళాలనుంటే వెళ్ళొచ్చెయ్యరా. నేనేం వద్దనను. పొయ్యి సంగతి కదా, అశ్రద్ధ చెయ్యకూడదు."

"నానమ్మా, నువ్వు ఎగదొయ్యకు."

"ఎగదొయ్యడం కాదే. వాడి మనశ్శాంతి కోసం చెప్తున్నా."

"నాకు ఓసీడీ ఉందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు. దారిలో కారు వెనక్కి తిప్పమనేది మాత్రం నేను కాదు."

"నీది వేరు, నాది వేరు బంగారం. నాది బాధ్యత. చెక్క ఇల్లు, చుట్టూ అడవి, నెలరోజులుగా వాన చుక్క లేదు. ఒక్క రవ్వ ఎగిరిందంటే దీవి దీవంతా పోతుంది. ఇంటి పెద్ద అన్నవాడు చూసుకోవాలా వద్దా?"

"చూసుకోవాలి. ఒకసారి."

"ఒక్కసారి చూసి ఊరుకునేవాళ్ళు వేరే జాతి మనుషులు హిల్లా. కారెక్కి, పాట పెట్టుకుని వెళ్ళిపోతారు. నాకు వాళ్ళంటే అసూయ."

"ఇంతకీ ఆ నర్సు ఫోన్లో ఏం చెప్పిందిరా?"

"దేని గురించమ్మా?"

"అదే, ఈ జబ్బు వయసుని బట్టి మారుతుందని ఏదో అన్నావు. నిన్న చేపలు కాలుస్తూ మొదలుపెట్టి, మధ్యలో వదిలేశావు."

"అదా. చిన్నపిల్లలకి అది ఉత్త భయమని తెలీదట. నిజమనే అనుకుంటారట. అందుకని వాళ్ళొక్కళ్ళే చెయ్యరు, ఇంట్లోవాళ్ళందర్నీ అందులోకి లాగుతారట. నువ్వు ఇలా అను, నువ్వు అలా కూర్చో అని."

"నేను లాగుతానా నాన్నా?"

"కిందటి నెల ఈ పంటు మీద అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగాం?"

"అది నానమ్మ తప్పు. పంటు ఎక్కేముందు నేను 'అవతల కలుద్దాం' అనాలి. నానమ్మ అనాలి. ఆఖర్న నువ్వు అనాలి. ఆ తర్వాత ఒడ్డు తగిలేదాకా ఎవ్వరూ నోరెత్తకూడదు. నడిమధ్యలో కాఫీ చల్లారిపోయిందంది నానమ్మ. ఇంకేముంది, మొదటికొచ్చింది."

"చల్లారిపోయిందే తల్లీ మరి."

"ఆఖరికి పంటు నడిపే ఆయన కారు దగ్గరికొచ్చి, దారి తెలీట్లేదా అనడిగాడు. పుట్టినప్పట్నుంచీ ఈ దీవికి వస్తున్నవాణ్ణి. తెలీట్లేదనే చెప్పాను."

"అబద్ధం చెప్పావు నాన్నా."

"ఏం చెప్పమంటావు? మా అమ్మ నోరు విప్పింది, అందుకని మొదట్నుంచి మళ్ళీ దాటుతున్నాం అని చెప్పనా?"

"సరే, పిల్లల సంగతి అయింది. పెద్దవాళ్ళ గురించి ఏమంది?"

"పెద్దవాళ్ళంటే ఏ పెద్దవాళ్ళమ్మా?"

"నీ ఈడువాళ్ళు."

"మా ఈడువాళ్ళకి అది అర్థంలేని పనని తెలుసట. తెలిసీ మానలేరట. అందుకని దానికో మంచి పేరు పెట్టి దాచుకుంటారట. పాపం, మా ఆఫీసులో ఒకతనున్నాడు. తాళం వేస్తాడా, మళ్ళీ లాగి చూస్తాడు. మెట్లు దిగుతాడా, మళ్ళీ ఎక్కొచ్చి లాగుతాడు."

"నువ్వూ లాగుతావు కదా నాన్నా."

"నేను అతనితోపాటు ఉంటాను కాబట్టి లాగుతాను."

"అతను ఏం మంచి పేరు పెట్టుకున్నాడు?"

"బాధ్యత అంటాడు."

"ఓహో."

"ఓహో ఏంటి?"

"ఏం లేదు. ఓహో."

"మరి ముసలివాళ్ళ గురించేమందిరా?"

"ముసలివాళ్ళ గురించా... అదిగో, పంటు కదిలింది. అమ్మా, అది ఇక్కడికి వచ్చేలోపు ఏదోటి తేల్చుకోవాలి. వెళ్ళనా, వద్దా?"

"వెళ్ళమంటూనే ఉన్నాగా."

"వద్దంటూనే ఉన్నాగా. ముసలివాళ్ళ గురించి నేను చెప్తా నానమ్మా, పక్కనే ఉండి నేనూ విన్నాను. వాళ్ళని ఎవరూ అడగరట. శుభ్రమైన మనిషి అనో, పాతకాలం పద్ధతి అనో ఇంట్లోవాళ్ళు వదిలేస్తారట. వాళ్ళంతట వాళ్ళు చచ్చినా చెప్పరట. ఎవరన్నా కదిపితే మాట మార్చేస్తారట."

"అదిగో హంసలు. ఎన్ని పిల్లలో చూడవే."

"నానమ్మా."

"కిందటేడు ఇన్ని లేవు."

"నానమ్మా, ఆగస్టు నెలలో చేతికి తొడుగులు ఎందుకేసుకున్నావు?"

"చలి."

"నాన్న చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు."

"వాడిది వేడి ఒళ్ళు. వాళ్ళ నాన్న పోలిక."

"హిల్లా, నానమ్మని విసిగించకు. ఆవిడ శుభ్రమైన మనిషి, అంతే."

"నర్సు చెప్పిన మాటే చెప్తున్నావు నాన్నా, అక్షరం పొల్లుపోకుండా."

"అది కాదు. మీ నానమ్మ తివాచీలు ఉతుకుతుంటే ఈ చుట్టుపక్కల దీవులవాళ్ళంతా పడవలు ఆపి చూసేవాళ్ళు, తెలుసా? జూన్ వచ్చిందంటే అందరూ గుడ్డపీలికల తివాచీలు రేవు చెక్కల మీద పరిచి ఉతికేవాళ్ళే. అయితే మా అమ్మలా ఉతికినవాళ్ళు లేరు."

"అలా చెప్పరా. పక్కింటి బోర్యే వాళ్ళమ్మ నా తివాచీలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

"వంటింటి తివాచీ మీద నీలం గళ్ళుండేవని అమ్మ చెప్పింది నానమ్మా. ఇప్పుడు దాంట్లోంచి నేల కనిపిస్తోంది."

"నేల కూడా శుభ్రంగానే ఉందిగా."

"ఈ వేసవిలో దాన్ని ఎన్నిసార్లు ఉతికావు?"

"వాతావరణం బాగుంటే ఉతుకుతాం. అదేం ప్రశ్న."

"వాన పడుతున్నప్పుడు కూడా ఉతికావు."

"వాన నీళ్ళు మెత్తన. మురికి బాగా పోతుంది."

"చూశావా నాన్నా. నాది జబ్బు. నీది బాధ్యత. నానమ్మది శుభ్రం. మరి ముగ్గురం వెళ్తున్నది మాత్రం నా ఒక్కదాని డాక్టరు దగ్గరికి."

"మళ్ళీ అదే మాట. నాది భయం కాదని చెప్పాను కదా. నా దగ్గర సాక్ష్యం ఉంది."

"ఏం సాక్ష్యం?"

"నువ్వప్పుడు చంటిపిల్లవి. వేసవి అయిపోయింది, సామానంతా సర్దుకుని బయల్దేరాం. ఇదే రేవు దాకా వచ్చాక చూసుకుంటే కళ్ళజోడు లేదు. ఒక్కణ్ణే వెనక్కి వెళ్ళాను. సౌనా గదిలోంచి పొగ వస్తోంది. తలుపు తీద్దును కదా, పొయ్యిలో మంట. నేను ఆర్పిన పొయ్యి హిల్లా. ఆర్పాననే అనుకున్న పొయ్యి. చుట్టూ చెక్క గోడలు, లోపల మంట, నేనేమో ఇక్కడ కారులో నీకు పాలు పడుతూ కూర్చున్నాను."

"మర్చిపోయి ఉంటావు. అందరూ మర్చిపోతారు."

"అలాగే సరిపెట్టుకున్నాను. ఆ మరుసటేడు మళ్ళీ అంతే. ఆర్పాను, బయల్దేరాం, అనుమానమొచ్చి వెళ్ళి చూస్తే నిప్పు. అప్పుడు పోయింది నా మీద నాకు నమ్మకం. ఇస్త్రీపెట్టె తీశానా, కుళాయి కట్టానా, కారు తాళం వేశానా, దేనికీ నా మాట నేనే నమ్మను. నీకు భయం వేస్తే అది ఊహ. నేను మటుకు కళ్ళారా చూశాను."

"ఇల్పో, కాఫీ పొయ్యనా? యాలకుల బన్ను కూడా ఉంది."

"ఇప్పుడు కాఫీ ఏంటమ్మా."

"ఫ్లాస్కులో చల్లారిపోతుంది."

"నువ్వు పంటు మీద ఆ మాట అనకుండా ఉంటే చాలు."

"పంటు వచ్చేసింది నాన్నా. కార్లెక్కే పలక దించుతున్నాడు."

"చూశాను."

"మనల్నే రమ్మంటున్నాడు."

"చూశాను. చూస్తూనే ఉన్నాను."

"వెనక కారాయన ఇంజిను ఆపేశాడు. అంటే బాగా కోపంగా ఉన్నాడు."

"హారన్ కొట్టినా బాగుండేది. మనవాళ్ళు చచ్చినా కొట్టరు. ఇంజిను ఆపి, మన తల వెనక భాగం వంక చూస్తూ కూర్చుంటారు."

"నాన్నా, పోనీ. పోనిచ్చేముందు... అవతల—"

"వద్దు హిల్లా. ఇవాళ నేను జవాబు చెప్పను. నర్సు గట్టిగా చెప్పింది. మేం జవాబు చెప్పినకొద్దీ నీకు అది ఎక్కువవుతుందట."

"ఒక్కసారి."

"ఒక్కసారి కూడా వద్దు."

"డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక మానేస్తా. ఇవాళ్టికి అను. నాన్నా, ప్లీజ్."

"తల్లీ, ఏమవుతుందని నీ భయం?"

"మీరు అవతలికి రారు."

"ఇదే కారులో ఉన్నాం కదా, ముగ్గురం. నువ్వు చేరితే మేమూ చేరినట్టేగా."

"నాకు తెలుసు. తెలిసినా అలాగే అనిపిస్తుంది. ఇప్పటిదాకా మీరు చేరారంటే నేను అన్నాను కాబట్టే చేరారు."

"అన్నావు కాబట్టి కాదే పిచ్చిపిల్లా."

"నీకెలా తెలుసు? ఒక్కసారన్నా అనకుండా దాటామా?"

"లేదు."

"నువ్వన్నా ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూడకుండా దాటావా?"

"అమ్మా, నువ్వన్నా ఏదో ఒకటి అను."

"కారు వెనక్కి తిప్పరా. దానికీ కాస్త ఊపిరాడుతుంది, నీకూ తృప్తిగా ఉంటుంది. డాక్టరు ఎక్కడికి పోతాడు."

"మంచు కరిగేదాకా పోతాడు నానమ్మా. నాన్నా, ఒక పని చేద్దాం. నేను ఆ మాట అనను. నువ్వు వెనక్కి వెళ్ళకు."

"ఇదేం బేరం?"

"నువ్వు చెయ్యలేనిది నన్నెలా చెయ్యమంటావు?"

"నేను పెద్దవాణ్ణి."

"అందుకే. నువ్వు ముందు."

"పిల్లదానితో పందేలేంట్రా ఇల్పో, సిగ్గులేకుండా. పలక ఎత్తేస్తాడు, అటు తిప్పు కారు. ఇటు కాదురా, అటు. ఇల్పో. ఒరేయ్, నీకే చెప్పేది."

"ఎక్కేశాం."

"ఎక్కేశామా? నిజంగా ఎక్కేశావా నాన్నా?"

"గొలుసు కూడా వేసేశాడు. ఇంక దిగలేం. కదులుతోంది."

"నేను ఏమీ అనలేదు."

"నేను వెనక్కి వెళ్ళలేదు."

"నీకెలా ఉంది?"

"నాకు ఇల్లు కాలిపోతోంది. గోడలు అయిపోయాయి. ఇప్పుడే మా నాన్న చేసిన బల్ల అంటుకుంది. నీకు?"

"నాకు మీరిద్దరూ మునిగిపోయారు."

"పోనీలే, ఇంకా నయం. ఆ మంటకి ఈ నీళ్ళు సరిపోతాయి."

"నవ్వించకు నాన్నా. ఇది నవ్వే సంగతి కాదు."

"నర్సు ఏమంది? భయం పైపైకి ఎక్కుతుందట. ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటే అదే దిగుతుందట."

"ఎప్పుడు దిగుతుంది?"

"అది చెప్పలేదు."

"అడగాల్సింది."

"అడిగాను. మళ్ళీ మళ్ళీ అడగడం కూడా జబ్బులో భాగమేనంది."

"ఇల్పో, ఈ పంటుని మధ్యలోంచి వెనక్కి తిప్పమంటే తిప్పుతాడా?"

"పంటుని వెనక్కి తిప్పడమేంటమ్మా?"

"ఊరికే అడుగుతున్నా. అలాంటి ఏర్పాటేదన్నా ఉంటుందేమోనని."

"ఎందుకు తిప్పాలి?"

"పొయ్యి ఒకవేళ మండుతుంటేనో?"

"మండట్లేదు. విను, నా నోటితో నేను అంటున్నా. పొయ్యి ఆర్పాను. నాకు నమ్మకం ఉంది. హిల్లా, విన్నావా?"

"విన్నాను. బాగా అన్నావు నాన్నా."

"అంటుంటేనే తేలిగ్గా ఉంది. ఎంతకాలమైందో ఇలా అని."

"నీ నమ్మకం బాగానే ఉందిరా. బోర్యేకి ఫోన్ చేసి చెప్పు, పక్కిల్లే కదా, తొంగిచూసొస్తాడు."

"ఫోన్ చెయ్యడమూ వెనక్కి వెళ్ళడమూ ఒకటేనమ్మా. బేరం బేరమే."

"నానమ్మకి నీది అంటుకుంది నాన్నా."

"అలాగే ఉంది. అమ్మా, మొహమంతా చెమటలు పట్టాయేంటి? భయపడకు. రానీ. దానంతట అది వచ్చి, దానంతట అది పోతుంది."

"ఇది అది కాదురా."

"మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుంది నానమ్మా. ఇది వేరు, ఇది నిజం అని. నా చెయ్యి పట్టుకో. తొడుగు తియ్యక్కర్లేదు, అలాగే పట్టుకో."

"మీ ఇద్దరికీ దణ్ణం పెడతానర్రా, ఫోన్ చెయ్యండి."

"మెల్లిగా ఊపిరి తీసుకో అమ్మా. నీళ్ళవంక చూడు. ఏం చెయ్యకు. ఊరికే కూర్చో."

"ఊరికే కూర్చుంటే ఇల్లు తగలడిపోతుందిరా వెధవా. భయమూ లేదు, గియమూ లేదు. పొయ్యి మండుతోంది. నేనే వెలిగించాను."

"ఏంటి?"

"నువ్వు పొయ్యి చూసొచ్చి పడవ తాడు చూడ్డానికి వెళ్ళావే, అప్పుడు. నిప్పు రాజేసి, కట్టె పెట్టాను."

"ఎందుకమ్మా?"

"ముందు ఫోన్ చెయ్యి. తర్వాత తిట్టుదువుగాని."

"హలో, బోర్యే. నేను, ఇల్పోని... అవును, మళ్ళీ నేనే... కాదు, ఈసారి నిజంగానే... నవ్వకు బోర్యే. మా సౌనా పొయ్యి మండుతోంది. మా అమ్మ వెలిగించి మర్చిపోయింది... పరిగెత్తు... పరిగెత్తలేకపోతే నడువు, కాస్త జోరుగా నడువు."

"వెళ్తున్నాడా నాన్నా?"

"వెళ్తున్నాడు. తలుపు దగ్గరున్నాడు... ఏంటి? చీపురా? అవును, మేమే తలుపుకి ఆనించి వచ్చాం, ఇంట్లో ఎవరూ లేరని... తెలుసు, చీపురు కనిపిస్తే ఎవరూ లోపలికి వెళ్ళరని నాకూ తెలుసు... అయ్యా, ఇంటివాణ్ణి నేనే చెప్తున్నా కదా, చీపురు తీసి లోపలికి వెళ్ళమని."

"వెళ్ళాడా?"

"తలుపు కొడుతున్నాడు."

"ఎవరూ లేరు కదా నాన్నా."

"కొట్టకుండా వెళ్ళడం అతనికి చేతకాదు. కొట్టి, ఎవరన్నా పలుకుతారేమోనని ఆగాడు... బోర్యే, ఎవరూ పలకరు. వెళ్ళిపో."

"నా ప్రాణం పోయేలా ఉందిరా."

"వెళ్ళాడమ్మా... ఆ, ఆ, చెప్పు బోర్యే... మండుతోందా? ఎంత?... పొయ్యి ముందు పుల్లల బుట్టా? అంటుకుందా?... ఒక పక్క కమిలిందా. బయట పారేశావా? గోడలు?... చెయ్యి పెట్టి చూడు... గోడలకేం లేదు కదా. సరే. నీళ్ళు పొయ్యకు, పొయ్యి మీది రాళ్ళు పగులుతాయి. పొయ్యి తలుపు మూసి, ఆరేదాకా అక్కడే కూర్చో బోర్యే, నీకు పుణ్యముంటుంది... చొక్కా విప్పి కూర్చుంటావా? నీ ఇష్టం. సౌనా నీది."

"ఇల్లు ఉందా నాన్నా?"

"ఉంది. బోర్యే అందులో స్నానం చేస్తున్నాడు."

"అమ్మయ్య. నానమ్మా, ఏడుస్తున్నావా?"

"లేదే. ఎండ."

"అమ్మా, పెద్ద కట్టె అన్నాడు. పుల్లల బుట్ట పక్కనే అన్నాడు. ఎందుకు వెలిగించావు?"

"పోస్టుడబ్బాల దగ్గర మీరు కారు తిప్పుతుంటే, దిగి చెత్త సంచి వేశాను కదా. ఆ చెత్తడబ్బా మూత చేతికి తగిలింది. తొడుగుకీ చేతికీ మధ్య తగిలింది, మణికట్టు దగ్గర. తీరా చూస్తే సౌనాలో కాగు నీళ్ళు చల్లారిపోయాయి. కట్టె పెట్టి, కాస్త వెచ్చబడగానే కడుక్కుని కారెక్కేశాను."

"వంటింట్లో చన్నీళ్ళున్నాయిగా."

"చన్నీళ్ళతో కడిగితే నాకు కడిగినట్టుండదు. సబ్బు రాసినా, రుద్దినా, చర్మం ఊడినా ఉండదు. అలా కారెక్కితే దారంతా ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు నాకు. పిల్లని ముట్టుకోలేను."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? ఇంత బతుకు బతికి, చేతులు కడుక్కోవడం చేతకావట్లేదని కన్నకొడుకుతో చెప్పనా?"

"నాకు చెప్పొచ్చు నానమ్మా. నేను నవ్వను."

"నువ్వు నవ్వవు. నాకు తెలుసు తల్లీ."

"డాక్టరుకి చెప్తావా? నా టైంలో సగం నువ్వు తీసుకో. నేను తొందరగా మాట్లాడతా."

"చూద్దాంలే."

"చూద్దాం అంటే చెప్పనని."

"సగం కాదు, కాస్త చాలు. అదీ నువ్వు పక్కనుంటేనే."

"ఉంటా. నాన్నా, చూడు, ఒడ్డు తగిలింది. ఈ గొడవలో అందరం మాట్లాడుతూనే ఉన్నాం. నేను ఆ మాట అననేలేదు. ముగ్గురం చేరాం."

"చేరాం బంగారం. ముగ్గురమూ చేరాం. అమ్మా, ఒక్క సంగతి చెప్పు. మంట పెట్టి వచ్చి, రేవులో అంతసేపు నోరు మూసుకుని ఎలా కూర్చున్నావు?"

"నువ్వు వెళ్తావు కదా అని."

"ఎక్కడికి?"

"వెనక్కి. నువ్వు ఎప్పుడూ వెళ్ళి చూస్తావు కదరా. చూసి ఆర్పేసి వస్తావు కదా. ఆ ధైర్యంతోనే..."

"ఎప్పుడూ అంటే?"

"పలక దించాడు. పోనీ కారు."

"ఎప్పుడూ అంటే ఏంటమ్మా? ఇవాళ ఒక్కరోజేనా?"

"ముందుకి పోనీరా, వెనకాయన ఇంజిను స్టార్టు చేశాడు."

"చెయ్యనీ. అమ్మా, ఇటు చూడు. హంసలు లేవక్కడ. నా వంక చూడు. కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వెళ్ళిన ఏడు..."

"నువ్వు ఆర్పావురా ఇల్పో. ఆ ఏడూ ఆర్పావు, ఆ మరుసటేడూ ఆర్పావు. నువ్వు ఒక్కసారి కూడా మర్చిపోలేదు నాయనా."